ఎర్రమూత, తెల్లమూత

"మా ఆవిడకి లెక్కలంటే సరదా" అని శశిభూషణ్ ఇంటికొచ్చిన ప్రతి డాక్టరుకీ చెబుతాడు. నాగార్జున యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ ఎమ్మెస్సీ చేసి, పెళ్లికి ముందు ఆడపిల్లల కాలేజీలో పాఠాలు చెప్పినదాన్ని నేను. పెళ్లయిన కొత్తలో మా అత్తగారు "ఇంట్లో ఒక డాక్టరు ఉండగా నువ్వు చాక్‌పీసు పొడి మింగడం దేనికమ్మాయ్" అన్నారు. మానేశాను. ఉద్యోగం మానేస్తే చదువు కాస్తా సరదా అయిపోతుందని అప్పుడు నాకెవరూ చెప్పలేదు. శశిభూషణ్ అంటే మా ఆయన. గుంటూరులో ఒక ప్రైవేటు మెడికల్ కాలేజీలో చర్మవ్యాధుల విభాగంలో అసోసియేట్ ప్రొఫెసరు. నోటితో "ఏమండీ" అనే పిలుస్తాను, మనసులో మాత్రం పేరుతోనే పిలుచుకుంటాను. మనసులో మాట్లాడుకోవడానికి కూడా గారు తగిలించాలంటే నావల్ల కాదు.

మా బ్రాడీపేట ఇంటికి ఆదివారం పూట కాలేజీ డాక్టర్లు వస్తుంటారు. చేతిలో థీసిస్ కాగితాలు, నోట్లో ఒకటే మాట. "మేడమ్ గారూ, ఒక్కసారి చూసిపెట్టండి, మీకెంతసేపు." ఈ "మీకెంతసేపు" వింటే నాకు ఒళ్లు మండుతుంది. వచ్చినవాళ్లందరికీ కాఫీలు పెట్టడమూ మీకెంతసేపే, రాత్రంతా కళ్లు పొడుచుకుని వాళ్ల అంకెలు కూడటమూ మీకెంతసేపే. ఆడదాని పనిని కొలవడానికి వీళ్ల దగ్గర ఉన్న కొలత అదొక్కటే. ప్రేమ్‌చంద్ అని పిల్లల డాక్టరు ఒకాయన ఉన్నాడు. రెండు మందుల మధ్య కనిపించిన తేడా నిజమైనదా, ఊరికే కలిసొచ్చిందా అని తేల్చే అంకె ఒకటి ఉంటుంది. పి విలువ అంటారు దాన్ని. అది ఎంత చిన్నదైతే డాక్టర్లకి అంత సంబరం. ఆయనొచ్చి, కూరలో కారం తగ్గించమన్నట్టు, "పి కొంచెం తగ్గుతుందేమో చూడండి మేడమ్" అన్నాడు. "తగ్గదండీ, మీ మందు పనిచెయ్యలేదు" అన్నాను. నవ్వాడు. జోకనుకున్నాడు. ఇంతా చేస్తే ఆ థీసిస్ మొదటి పేజీలో దేవుడికీ, అమ్మానాన్నలకీ, గైడుకీ, ఆఖర్న "ఆదరించి ఫలహారం పెట్టిన శశిభూషణ్ గారి శ్రీమతికీ" కృతజ్ఞతలు. లెక్కలన్నీ చేసింది నేను, ఆ పుస్తకంలోకి ఎక్కింది నా ఉప్మా.

పోయినేడాది మిరపకోతలప్పుడు శశిభూషణ్‌కి ఒక ఆలోచన వచ్చింది. మంచి ఆలోచనే, కాదనను. మిరపకాయలు కోసే ఆడవాళ్ల చేతులు పొద్దుగూకేసరికి భగభగ మండుతాయి. ఆముదం రాసుకుంటారు, మజ్జిగలో ముంచుకుంటారు, అయినా నిద్ర పట్టదు. చంటిపిల్లని ఎత్తుకోవాలన్నా భయమే, బిడ్డ కంటికి చెయ్యి తగిలితే ఇంకేమన్నా ఉందా. ఆ మంటకి శశిభూషణ్ ఒక లేపనం తయారుచేయించాడు. సగంమందికి మందు కలిపిన డబ్బాలు, సగంమందికి మందు లేని ఉత్త లేపనం డబ్బాలు. రంగూ వాసనా ఒకటే, మూతలే వేరు. ఎర్రమూతలో మందు, తెల్లమూతలో ఉత్తది. ఏది ఏదో రాసుకునేవాళ్లకి తెలియదు. మంట ఎంత తగ్గిందో వారం వారం వెళ్లి అడిగి రాసుకోవాలి. "ఆడవాళ్లు నీతో అయితే చెబుతారు. బస్సెక్కితే ఎంతసేపు, వెళ్లిరా" అన్నాడు. "డాక్టరు పెళ్లానివి, చేలవెంట తిరుగుతావా" అన్నారు అత్తగారు. తిరిగాను. నిజం చెప్పొద్దూ, సంతోషంగానే తిరిగాను. ఎన్నాళ్లకో వంటింటి గడప దాటి నా చదువు బయటికొచ్చింది.

ప్రత్తిపాడు దాటాక చేల పక్కన టార్పాలిన్ గుడిసెలు వేసుకుని ఒక ముఠా దిగింది. మార్కాపురం వైపు నుంచి ఏటా కోతలకొచ్చే ఆడవాళ్లు. వాళ్ల మేస్త్రి మాబూబీ. మనిషి పొట్టి, గొంతు మాత్రం నాలుగు చేలకి వినపడుతుంది. ఒక వారం నేను వెళ్లేసరికి కల్లంలో ఆరబోసిన కాయల పక్కన కూర్చుని సత్తుబొచ్చెలో లేపనం కలుపుతోంది. పక్కన ఖాళీ డబ్బాలు, ఎర్రమూతలూ తెల్లమూతలూ ఒకే కుప్పగా పడి ఉన్నాయి.

"ఇదేంటి మాబూబీ, కలిపేశావా?" అన్నాను.

"మరి కలపకేం చెయ్యనమ్మా? ఒకామెకి ఎర్రమూత, ఒకామెకి తెల్లమూత ఇచ్చిపోతిరి. దానికి మంచిదిచ్చారు, నాకు మడ్డిదిచ్చారని ఒకటే గోల. మా ముఠాలో రైతు నూనిచ్చినా, బెల్లమిచ్చినా ఒక గిన్నెలో పోసి పంచుకోవడమే. ఒకరికెక్కువ, ఒకరికి తక్కువ చేస్తే రేపు నా ఎనకాల చేలోకి ఎవరొస్తారు?"

"ఎప్పట్నుంచి ఇట్లా?"

"ఇచ్చిన రోజు నుంచేనమ్మా. ఏం, తప్పా?"

"నీ తప్పు కాదులే" అన్నాను. కాదు కదా మరి. గుంటూరులో ఏసీ గదిలో కూర్చుని ఒక ముఠాని రెండు ముక్కలు చేసింది మేము. వాళ్లు ఒకే పొయ్యి మీద వండుకుంటారు, ఒకే పట్టా మీద పడుకుంటారు, మందొక్కటీ వేరువేరుగా ఎలా రాసుకుంటారని మా ఆయనకి తట్టలేదు, నాకూ తట్టలేదు. మిగతా ముఠాల్లో కూడా కనుక్కున్నాను. అన్నిచోట్లా ఇదే వరస. అంటే ఎర్రమూత వాళ్లూ తెల్లమూత వాళ్లూ రాసుకున్నది ఒకే మందు. లెక్క కట్టి చూస్తే అనుకున్నట్టే ఇద్దరికీ ఏ తేడా లేదు.

ఆ మాటే శశిభూషణ్‌కి చెప్పాను. "మందు పనిచేస్తుందని కాదు, చెయ్యదనీ కాదు. ఈ అంకెలతో ఏమీ తెలియదు. వచ్చే కోతలకి ముఠాకి ముఠా ఒకే డబ్బా ఇద్దాం. ఈ ఊళ్లో ముఠాకి ఎర్రమూత, ఆ ఊళ్లో ముఠాకి తెల్లమూత. అప్పుడు కలుపుకున్నా బాధ లేదు" అన్నాను. టీవీ మీదనుంచి కళ్లు తిప్పకుండా "సర్లే, చూద్దాం" అన్నాడు. ఆ తర్వాత నేనడిగితే "దాని సంగతి నీకెందుకు, నేను చూసుకుంటాగా" అన్నాడు. ఊరుకున్నాడనుకున్నాను.

ఈ జనవరిలో ఒకరోజు పొద్దున్నే కాఫీ తాగుతూ పేపరు చదువుతున్నాడు. కొరియాలో ఎవరో పెద్ద శాస్త్రవేత్త లేని ఫలితాలు ఉన్నట్టు కల్పించి అచ్చేయించాడని, ప్రపంచమంతా గగ్గోలు పెడుతోందని వార్త. "సిగ్గులేని మనుషులు. సైన్సుని అమ్ముకు తింటున్నారు" అన్నాడు మా అత్తగారికి వినపడేలా. "వాడి పెళ్లాం పిల్లలు ఏమైపోతారో పాపం" అన్నారు ఆవిడ. ఆ వారంలోనే అదే పేపరు జిల్లా పేజీలో శశిభూషణ్ ఫొటో పడింది. మిరప మంటకి మన డాక్టరు మందు కనిపెట్టాడట, పరిశోధనలో రుజువైందట, ఎవరో కంపెనీ వాళ్లు తయారుచేసి అమ్మబోతున్నారట. నేను అట్లకాడ చేత్తో పట్టుకునే చదివాను. స్టవ్ మీద దోసె మాడిపోయింది. "ఇదేంటండీ?" అంటే "విలేకర్లు ఏదో రాసుకుంటారు, అన్నీ పట్టించుకుంటావేంటి" అన్నాడు.

పట్టించుకునేవాళ్లు ఇంకోచోట ఉన్నారు. రెండ్రోజులకి ఫోన్ మోగింది. మాబూబీ, ఊళ్లో కాయిన్ బాక్సు నుంచి. కోతలకి అప్పుడే దిగారట.

"అమ్మా, మీరిచ్చిన ఆ మందు ఎప్పుడొచ్చిద్ది? మా రైతు పేపర్లో చదివాడంట. కొనిపెడతా, మీ కూలిలో పట్టుకుంటా అంటున్నాడు. నువ్వు చెప్పు, కొనమంటావా? మాకైతే ఆముదం రాసినట్టే ఉండె. కానీ పెద్ద డాక్టరు గారు చెప్పాక మాకేం తెలుసు."

"ఇప్పుడే కొనొద్దు. నేను చెప్పిందాకా ఆగు" అన్నాను.

ఆ శనివారం సాయంత్రం కంప్యూటర్ ముందు నుంచి పిలిచాడు. "త్రిపురా, ఇలా రా. ఒక చిన్న పని." ఉత్తరాలు రాయడం ఎప్పుడూ నా పనే, అందుకని చెయ్యి తుడుచుకుంటూ వెళ్లాను. ఒక వైద్య పత్రిక నుంచి మెయిల్. దానికింద శశిభూషణ్ పంపిన వ్యాసం. మొదటిసారి చూస్తున్నాను. ఎర్రమూత వాళ్లకి మంట బాగా తగ్గిందట, తెల్లమూత వాళ్లకి తగ్గలేదట. పి విలువ ప్రేమ్‌చంద్ గారు చూస్తే కళ్లకద్దుకునేంత చిన్నది. పత్రికవాళ్లు రెండే అడిగారు. ఒకే చోట పనిచేసే ఆడవాళ్లు మందులు మార్చుకోలేదని ఎలా చెప్పగలరు? లెక్కలు చేసింది ఎవరు, వాళ్లు సంతకం చేస్తారా? ఎక్కడో కూర్చుని ఆ వ్యాసం చదివి ఇది అడిగిన మనిషికి, ఎవరైతేనేం, మా ఇద్దరికీ తట్టనిది తట్టింది. ఆ క్షణంలో ఆ ప్రశ్న చూసి నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఈ అంకెలు ఎక్కడివండీ?"

"పీజీ పిల్లలు మళ్లీ సరిచూశారు."

"ఎవర్నడిగి సరిచూశారు? ముఠాలు ఊళ్లకెళ్లిపోయాక?"

మానిటర్ వంకే చూస్తూ చెప్పాడు. "తెల్లమూత వాళ్లలో కొందరికి తగ్గిందంటే పొరపాటున ఎర్రమూత వాడారనేగా. వాళ్లని అటు చేర్చాం. అంతే. అందరూ చేసేదే."

"అందరూ చేసేదే అయితే మొన్న కొరియా ఆయన్ని ఎందుకు తిట్టారు?"

"వాడికీ నాకూ పోలికా? చూడు, ప్రొఫెసర్ పోస్టుకి ఈ ఒక్క పేపరే తక్కువ. రెండు వాక్యాలు రాయి. ఆడవాళ్లు విడివిడిగా ఉన్నారని, మనవాళ్లు దగ్గరుండి మందు రాయించారని. కింద సంతకం పెట్టు. నీ పేరు కూడా వేస్తాను. రెండో పేరు నీదే. ఇన్నేళ్లుగా అదేగా నీ బాధ?"

అవును, అదే నా బాధ. ఆయనకి తెలుసన్నమాట. ఇన్నేళ్లూ తెలిసే ఉప్మా దగ్గర ఆపాడన్నమాట. నాకు కోపం రావాలి, కానీ ముందు ఆశ కలిగింది. దాచుకోవడం దేనికి, కలిగింది. ఒక వైద్య పత్రికలో అచ్చులో నా పేరు, బాలత్రిపురసుందరి, ఎమ్మెస్సీ. మా నాన్న బతికుంటే ఆ కాగితం ఊరంతా తిప్పేవాడు. వంటింట్లోకొచ్చి పప్పుకి పోపు పెట్టాను, అత్తగారికి మాత్రలిచ్చాను, అంతసేపూ ఆ పేరు కళ్లముందే ఉంది. బాగుంది. చాలా బాగుంది. తర్వాత దాని పైన ఏముంటుందో చదువుకున్నాను. ఆడవాళ్లు విడివిడిగా ఉన్నారు. ఒక్క గిన్నెలో పోసి పంచుకునే మాబూబీని విడిగా ఉందని నేను రాయాలి. రైతు ఆ మందు కొంటాడు, కూలి కోస్తాడు, చెయ్యి మండుతూనే ఉంటే ఆమె తన చెయ్యినే తప్పుపట్టుకుంటుంది గానీ, నా సంతకాన్ని కాదు. నా పేరు లేకుండా ఇన్నేళ్లు నిజం లెక్కలు చేశాను. పేరొచ్చే రోజున దొంగలెక్క చెయ్యమంటున్నాడు. నాకు అంత కరువేం లేదు.

మర్నాడు పొద్దున శశిభూషణ్ స్నానం చేసి వచ్చేసరికి నేను కంప్యూటర్ ముందున్నాను. కాఫీ కోసం చూశాడు. పెట్టలేదు. అత్తగారు వంటింట్లోంచి "అమ్మాయ్, పాలు పొంగుతున్నాయ్" అన్నారు. "స్టవ్ ఆపండి అత్తయ్యగారూ, నాకు పనుంది" అన్నాను. ఆవిడ ఆపారు.

"రాశావా?" అన్నాడు దగ్గరికొచ్చి.

"రాశాను. చదువుకోండి."

నిలబడే చదవడం మొదలుపెట్టాడు. ముఠాల్లో మందులు మొదటిరోజు నుంచే కలిసిపోయాయని, పంపిన అంకెలు తర్వాత మార్చినవని, ఈ పరిశోధన నుంచి ఏ తీర్పూ ఇవ్వలేమని, వ్యాసం వెనక్కి తీసుకుంటున్నామని రాశాను. ఈ కోతల్లో ముఠాకి ముఠా ఒకే డబ్బా ఇచ్చి పరీక్ష మళ్లీ మొదటినుంచి చేస్తామని కూడా రాశాను. మధ్యలోకి వచ్చేసరికి ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఇది పంపితే నా పోస్టు సంగతేంటి?"

"పోతుందేమో. మళ్లీ సరిగ్గా చేస్తే వస్తుంది. నేను చేస్తాను, బస్సులో నేనే వెళతాను."

"నువ్వు నా భార్యవా, ఆ పత్రిక తాలూకు మనిషివా?"

"భార్యగా చేసినన్నాళ్లూ లెక్క మీ ఇష్టం వచ్చినట్టు మార్చుకున్నారు. సంతకం పెట్టమన్నాక అది నా లెక్కండి. మీరు పంపకపోతే నా ఒక్కదాని పేరుతో పంపుతాను."

తెర మీద ఉత్తరం కిందికి జరిపి చివర చూపించాను. అక్కడ మొదట నా పేరు ఉంది.

"మీ పేరు రెండోది. ఉంచమంటారా, తీసెయ్యమంటారా?"