అతని బదులు జవాబు

"అమ్మ మెసేజ్ పెట్టింది, నువ్వే ఏదో ఒకటి రాసెయ్" అని భర్త తన ఫోను పొయ్యి గట్టు మీద పెట్టి స్నానానికి వెళ్ళాడు. ఆమె తడిచేతులు తుడుచుకుని, అతనై రాసింది. పెళ్ళయిన కొత్తలో సరదాగా మొదలైన పని ఇది. అత్తగారు ఏమడిగితే దానికి తగ్గట్టు, కొడుకు మాటతీరులో, కొడుక్కి లేని ఓపికతో రాసేది. ఆ అత్తగారే ఇంటికొచ్చినప్పుడల్లా, నా కొడుకు నన్నెంత కనిపెట్టుకుని ఉంటాడో, నీకు మాత్రం ఒక్కపూటైనా పలకరించాలని తోచదు కదా అని దెప్పేది. పక్కనే భర్త టీవీ చూస్తూ ఉండేవాడు. కక్కలేక మింగలేక ఆమె వంటింట్లోకి పోయేది.

ఆఫీసులోనూ ఆమెది ఇంచుమించు ఇదే పని. కొత్త ప్రోగ్రాముని పరీక్షించిన ప్రతిసారీ, చెల్లింపులు చూసే బయటి కంపెనీవాళ్ళ అసలు సర్వరుని అడుగుతూ కూర్చోలేరు. దాని స్థానంలో ఒక ఉత్తుత్తి సర్వరుని కూర్చోబెడతారు. పాతది ఏమడిగినా తలూపే గంగిరెద్దు. ఆమె తయారుచేసింది అలా కాదు, ప్రశ్న చదివి, ఎవరు కడుతున్నారు, ఎంత అని చూసి, అప్పటికప్పుడు జవాబు అల్లుతుంది. టీమ్ లీడ్ దాన్ని పైవాళ్ళకు "మేం చేశాం" అని చూపించి, ఆమెను టీలు చెప్పి రమ్మన్నాడు.

ఆ వారం, అన్ని పరీక్షలూ పాసైన ప్రోగ్రాము జనం చేతికి వెళ్ళగానే చతికిలబడింది. అసలు సర్వరు జవాబిచ్చే పద్ధతి ఎప్పుడో మారిపోయింది. ఉత్తుత్తిది మాత్రం పాత తీరులోనే పలుకుతూ అందర్నీ నమ్మించింది. నీ సర్వరు ఇంత బాగా అబద్ధమాడితే ఎలా అని లీడ్ విసుక్కున్నాడు. తప్పు దొర్లేసరికి అది ఆమె సర్వరైంది. ఒళ్ళు మండినా, ఆ మాటలో నిజముందని ఆమెకు తెలుసు. రోజుకొక్కసారైనా అసలుదాన్నే అడుగుదాం, పలక్కపోతే పలకలేదనైనా తెలుస్తుంది అంది.

ఆ సాయంత్రం అత్తగారి మెసేజ్ వచ్చింది. శుక్రవారం కంటి ఆపరేషన్, ఒక్కదాన్నే వెళ్ళాలంటే భయంగా ఉంది, పక్కనుంటావా నాన్నా అని. భర్త అలవాటుగా ఫోను ఆమె వైపు జరిపాడు. "పనుందని కాస్త మెత్తగా రాసెయ్."

ఆమె దగ్గర జవాబు తయారుగానే ఉంది. పెద్దావిడ అది చదివి మురిసిపోయి, ఆపరేషన్ గదిలోకి ఒక్కతే వెళ్తుంది. ఆమెకు తన మీద తనకే రోత పుట్టింది.

"ఈసారి నువ్వే రాయి" అంది.

అతను గొణుక్కుంటూ రాశాడు, "కుదరదు. చూద్దాం" అని.

నిమిషం తిరక్కుండానే ఆమె ఫోను మోగింది. వాడిలా రాయడే, వాడి ఫోను ఎవరి చేతిలో ఉంది అని అడిగింది అత్తగారు. భర్త ఎదురుగా నిలబడి ఏదో ఒకటి చెప్పమని సైగలు చేస్తున్నాడు. ఆమె స్పీకరు నొక్కింది.

"మీ అబ్బాయి చేతిలోనే ఉందత్తయ్యా. ఇన్నాళ్ళూ రాసింది నేను."



"అయితే నా కొడుకు నాకు రాసింది ఇదొక్కటేనన్నమాట."