గాజుపెట్టెలో క్యూబ్

ఆ ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో కాంక్రీటు పోసేటప్పుడు ఎవరూ మాట్లాడరు. ఇనుప అచ్చులు నింపి, తాపీతో సాపు చేసేదాకా నోళ్ళు కట్టేసుకుంటారు. పచ్చి కాంక్రీటు పక్కన ఏ మాటన్నా అది అచ్చులోని క్యూబ్ లోపలే గట్టిపడిపోతుంది. తర్వాత యంత్రంలో పెట్టి నొక్కితే, పగుల్లోంచి ఆ మాటలన్నీ బయటికొస్తాయి. తిట్లు, ప్రేమలు, ప్రిన్సిపాల్ నడకమీద వెక్కిరింతలు.

ప్రొఫెసర్ సంస్మరణ సభ అక్కడే పెట్టారు. ఆయన చెల్లెలు చివరి వరసలో కూర్చుంది.

"నువ్వెందుకొచ్చావు?" వదిన వెనక్కి తిరిగి అడిగింది.

"అన్నయ్య సభకి."

"ఆయన పరిశోధన ఎత్తుకుపోయి నీ కూతురు థీసిస్‌లో రాసుకుంది. ఆ దిగులే ఆయన్ని తినేసింది. ఇవాళైనా దాని ఊసెత్తకు."

ఆమె ముందుకి చూసింది. ఆ థీసిస్‌ని కాపీ అని తిప్పిపంపిన బట్టతల పరీక్షకుడు ముందు వరసలోనే ఉన్నాడు. అప్పట్నుంచీ పిల్ల గది తలుపు తియ్యడం లేదు.

"సార్ సుద్దముక్క విసిరితే గురి తప్పేది కాదు," అంటున్నాడు శాఖాధిపతి. "అర్థం కాకుండా తలూపినవాణ్ణి గంటసేపు నిలబెట్టేవారు. తెలియకపోతే అడగరా, నోరు అరిగిపోతుందా అనేవారు!"

అందరూ నవ్వారు. చిన్నప్పుడు లెక్కలు చెబుతూ ఆమెనీ అలాగే అనేవాడు. అది గుర్తొచ్చి ఆమెకి ఇంకా మండింది.

చివరికి గాజుపెట్టెలోంచి క్యూబ్ తీశారు. ఆయనకి పేరు తెచ్చిన కాంక్రీటులో మిగిలిన ఒక్కటి. బతికుండగా దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు.

"సార్ గొంతు వినిపిస్తుందేమో చూద్దాం," అన్నాడు శాఖాధిపతి.

యంత్రం మూలిగింది. ఒత్తిడి చూపే ముల్లు ఎక్కింది, ఎక్కింది. క్యూబ్ ఫెళ్ళున పగిలింది.

"ఆగాగు. నీళ్ళెందుకంత తగ్గించావు? నాకు అర్థం కాలేదు." ప్రొఫెసర్ గొంతే.

"మావయ్యా, ఇది మూడోసారి!" ఆడపిల్ల నవ్వు. "గుల్ల కంకర ముందే నానబెట్టాను కదా. తాగిన నీళ్ళు అది లోపల్నుంచి మెల్లగా వదుల్తుంది. పైనుంచి ఇంకెందుకు?"

"నీకెలా తట్టిందే ఇది!"

కాసేపు తాపీ గీరిన చప్పుడు. తర్వాత ఆయన గొంతు తగ్గింది.

"ఇది ఇంకెవరికీ చెప్పకు."

"సరే మావయ్యా."

"ఆపండి ఆ యంత్రం!" వదిన అరిచింది. అది ఎప్పుడో ఆగిపోయింది.

పరీక్షకుడు చివరి వరస దాకా వచ్చాడు. "అమ్మాయి ఎక్కడుందమ్మా?"

"మీరు కూర్చోబెట్టిన చోటే."

"రేపొకసారి ఆఫీసుకి పంపించండి, మాట్లాడదాం."

"పంపను. మీరే రండి." ఆమె చీర చెంగు దోపుకుని లేచింది. "వచ్చి అడగండి. అర్థం కాకపోతే మళ్ళీ అడగండి. నోరేం అరిగిపోదు."

మర్నాడు పరీక్షకుడు వాళ్ళింటికి వచ్చాడు. మూసిన తలుపు ముందు నిలబడి, గొంతు సవరించుకున్నాడు.

"నీళ్ళెందుకంత తగ్గించావమ్మా? నాకు అర్థం కాలేదు."

చాలాసేపటికి లోపల గడియ కదిలింది. తల్లి ఆయనకి కుర్చీ మాత్రం వెయ్యలేదు.