పన్ను రాయితీ

అరబ్బుల ఇంటి వంటగదిలో పనిచేస్తూ పొద్దున్నుంచి మద్దమ్మ ఆ వాయిస్ మెసేజిని ఎన్నిసార్లు విన్నదో. కూతురు వెంకటేశ్వరి, ఊళ్ళో తనను సాకుతున్న పిన్నమ్మ ఫోనులోంచి, ఏదో బస్టాండులో నిలబడి పంపినట్టుంది. హారన్ల మోతలో సగం మాటలు మునిగిపోయాయి. మిగిలినవి ఇవీ: "అమ్మా, పన్ను రాయితో పోయింది... ఈ ఏడు స్కాలర్‌షిప్పు లేదంట... నువ్వు బయపడాకు."

భయపడొద్దన్న మాటతోనే మద్దమ్మకు భయం పట్టుకుంది. ఎవరో రాయి విసిరారు, పిల్ల పన్ను ఊడింది. పిల్ల తిరగబడి ఉంటుంది, బళ్ళో పేరు కొట్టేసి ఉంటారు. లేకపోతే పన్నుకూ స్కాలర్‌షిప్పుకూ ఏం సంబంధం? తిరిగి చేస్తే ఫోను కలవడం లేదు. మూతి వాచిందేమో, చీము పట్టిందేమో, తన చెల్లెలు దాస్తోందేమో! ఈలోగా పొయ్యి మీద మాంసంతో వండే మచ్‌బూస్ అన్నం అడుగంటింది. పనివాళ్ళంతా మామా అని పిలిచే ఇంటి యజమానురాలు వచ్చి అరిచి పోయింది. ఆ ఇంట్లో తొమ్మిదిమంది ఉన్నారు. ఈ మాట చెప్పుకోవడానికి మాత్రం ఒక్కరూ లేరు.

మధ్యాహ్నం డ్రైవరు హుస్సేన్ వలి సామాన్లు దించుతుంటే ఫోను అతని చేతిలో పెట్టింది. రాయచోటి మనిషి. రెండుసార్లు విని పగలబడి నవ్వాడు.

"రాయితో కాదక్కా, రాయితీ! నోట్లో పన్ను కాదు, సర్కారుకు కట్టే పన్ను. పాపకు ఫీజు కట్టే ట్రస్టుకు దానమిచ్చినోళ్ళకు సర్కారు ట్యాక్సు తగ్గిస్తాది. ఆ ట్రస్టు కాయితం గడువు తీరిపోయింటాది. తగ్గింపు ల్యాకుంటే ఎవురిస్తారు?"

"అయితే పిల్ల పండ్లు బాగుండాయా?"

"బేషుగ్గా ఉంటాయి. ఈ అరబ్బు దేశంలో మనకు ఆ సర్కారు పన్ను ఎట్లాగూ ల్యా. ఉండే పండ్లన్నా ఊరికే కొరుక్కోబాకక్కా."

మద్దమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. "ఆ కాయితం మళ్ళా ఎప్పుడొస్తాది?"

"ఎవురికి తెల్సు? ఆర్నెల్లో, ఏడాదో."

సాయంత్రం అసర్ నమాజు బాంగు వేళకు ఫోను కలిసింది.

"మా, కాయితం వచ్చినాక ఇస్తారంట. అంతవరకూ నేను సర్కారు బడికి పోతాలే."

"ఏం పోనక్కర్లా. వచ్చే నెల ఊరికొచ్చే టికెట్టుకని దాచిన దుడ్డుండాది. అది కట్టించు."

"అంటే నువ్వు రావా?"

నాలుగేళ్ళ కిందట మద్దమ్మ విమానం ఎక్కేనాటికి పిల్లకు ముందరి పాలపండ్లు రెండూ ఊడి ఉన్నాయి. వాటి చోట వచ్చినవి ఎట్లా ఉన్నాయో ఇంతవరకూ దగ్గరగా చూసింది లేదు.

"ఒక తూరి నవ్వి ఫోటో పంపు బుజ్జమ్మా. పండ్లు కనపడాల."

కాసేపటికి ఫోటో వచ్చింది. పిల్ల నవ్వలేదు. పెదాలు బిగించుకొని ఉంది.

కింది పెదవి వాచినట్టుందేమోనని, మద్దమ్మ రెండు వేళ్ళతో ఆ ఫోటోను పెద్దది చేసి చూస్తూ నిలబడింది.