తడి నూలు తూకం

వకీలు సారంగపాణి గారి దగ్గర గుమస్తాగా పదిహేనేళ్ళు కాగితాల కట్టలు మోసినవాణ్ణి. స్టే అంటే ఏమిటో నన్నడగండి. ఉన్నదాన్ని ఉన్నట్టుగా ఆపడం. షెడ్డుకు సీలు పడకముందే వస్తే షెడ్డు తెరిచి ఉంటుంది. సీలు పడ్డాక వస్తే ఆ సీలే ఉంటుంది, అప్పీలు తేలేదాకా. అప్పీలు తేలడానికి ఎన్నేళ్ళు పడుతుందో మాత్రం అడగకండి, నాకు కోపం వస్తుంది.

అది డెబ్బై తొమ్మిది శ్రావణం. మట్టెవాడలో ఒక సందు, ఆ సందులో ఏడు రంగుల షెడ్లు. జంపఖానాలు నేసేవాళ్ళకు నూలు అద్ది ఇవ్వడం వాటి పని. ఒక్కదానికీ లైసెన్సు లేదు. దరఖాస్తులు పెట్టి మూడేళ్ళయింది, జవాబు లేదు. రంగునీళ్ళు తన గోదాములోకి వస్తున్నాయని సందు చివరి బట్టల వ్యాపారి రాంచందర్ సేటు దావా వేశాడు. అందులో నిజం లేకపోలేదు. వానొస్తే ఆ సందులో నడిచిన మగవాళ్ళ కాళ్ళకు కూడా పారాణి పెట్టినట్టుండేది. ఏడు షెడ్లూ మూయించమని కోర్టు తీర్పిచ్చింది. సోమవారం కోర్టు అమీను వచ్చి సీలు వేయాలి. అదే సోమవారం హనుమకొండలోని జిల్లా కోర్టులో, అప్పీలుతో పాటు షెడ్ల తరఫున మేం వేసిన స్టే పిటిషను.

"నువ్వు షెడ్ల కాడ ఉండు యాదగిరీ. లొల్లి కానియ్యకు" అని చెప్పి సారంగపాణి గారు కోర్టుకు వెళ్ళారు.

వరసలో మొదటి షెడ్డు కట్టమ్మది. మొగుడు చనిపోయిన ఏడాదే పొయ్యి ముందు నిలబడి, తొమ్మిదేళ్ళుగా నలుగురు ఆడవాళ్ళకు పని చూపిస్తున్న మనిషి. షెడ్డు ఒక్క నెల మూతపడితే నూలు ఇచ్చేవాళ్ళు ఇంకోచోటు చూసుకుంటారు, మళ్ళీ ఇటు తొంగి చూడరు. ఆ సంగతి ఆమెకు తెలుసు, నాకు తెలుసు, సేటుకు ఇంకా బాగా తెలుసు.

పది గంటలకు అమీను కిషన్ రావు సేటును వెంటబెట్టుకొని లక్క, దారం, ఇత్తడి ముద్రతో వచ్చాడు. చెడ్డవాడు కాదు, భయస్తుడు. రిటైరు కావడానికి ఎనిమిది నెలలుంది. ఆయన సందు మలుపు తిరగ్గానే మిగతా ఆరు షెడ్లవాళ్ళూ పొయ్యిలార్పి, గంగాళాలు మోరీలో కుమ్మరించి సామాను సర్దుకోవడం మొదలుపెట్టారు. పక్క షెడ్డు పోశయ్య అయితే కట్టమ్మకు బుద్ధి చెప్పడానికి కూడా వచ్చాడు.

"సర్కారు తోటి మనకెందుకు చిన్నమ్మా, పొయ్యి ఆర్పు."

ఆరుగురూ మీసాలున్న మగవాళ్ళే. నాకు ఒళ్ళు మండింది.

కట్టమ్మ ఆ పొద్దు కూడా గంగాళంలో నూలు వేసింది. సీలు పడే రోజున ఇదేం పని అని అడిగితే, "సోమారం అద్దిత్త అని మాటిచ్చిన తమ్మీ" అంది. రంగు పట్టేదాకా అమీనును గంటసేపు ఆపింది, సగంలో తీస్తే నూలుకు మచ్చలు పడతాయని. ఆయన ఆగాడు. ఎర్రగా ఆవిర్లు కక్కుతున్న నూలును పిండి తీశాక సాక్షులుగా పిలిచిన ఇద్దరు పంచుల ముందు సామాను రాసుకోవడం మొదలుపెట్టాడు. గంగాళాలు రెండు. కర్రలు ఆరు. నూలు దగ్గరికొచ్చాడు. కాటా మీద పెడితే నలభై ఒక్క కిలోలు తూగింది.

"జర ఆగుండ్రి సారూ" అంది కట్టమ్మ. "గది నూలు బరువు కాదు, నీళ్ళ బరువు. నూలు ఇరవై కిలోలే. ఇయ్యాల మీరు నలపై ఒకటి రాసి సీలేత్తరు. తీసిన్నాడు ఇరవయ్యే ఉంటది. మిగిలింది ఎవలు తిన్నరని అడిగితే నేనేం చెప్పాలె? సీలు మీది, సంతకం మీది."

కిషన్ రావు కలం గాలిలోనే ఆగింది. "అయితే ఇరవై అనే రాస్త."

"కాటా నలపై ఒకటి చూపెడ్తాంటె ఇరవై రాస్తరా? పంచులు చూసిండ్రు గద."

పదిహేనేళ్ళ గుమస్తాగిరీలో నాకు తట్టని లా పాయింటు! నేనూ ఓ చెయ్యి వేశాను. "చూసిందే రాయాలె సారూ, రూలు గదే."

"ఇవన్నీ నాటకాలు! తడిగనే సీలెయ్యుండ్రి" అని సేటు ఎగిరాడు.

"రేపు లెక్క తప్పితే నా పింఛను పోతది సేట్. నువ్విస్తవా?" అని కిషన్ రావు స్టూలు లాక్కొని కూర్చున్నాడు. "ఆరనియ్యి. ఆరినంక తూస్త."

పోనీ ముందు మిగతా షెడ్లు చూడమన్నాడు సేటు. అటు వెళ్ళొచ్చేలోగా ఇక్కడ నూలు మారిపోతే ఎవడు జవాబుదారీ అని అమీను కదల్లేదు.

శ్రావణమాసం, ఆకాశం నిండా మబ్బు. నూలును వెదుళ్ళ మీద వేసి పొయ్యి సెగకు ఆరబెట్టారు. "పొయ్యి ఆరనియ్యకు" అని అమీనే హెచ్చరించాడు. ఆర్పడానికి వచ్చినవాడే మంట చూసుకుంటూ కూర్చున్నాడు. నాకు లోపల నవ్వు ఆగలేదు.

పన్నెండుకు ముప్పై నాలుగు తూగింది. మూడింటికి ఇరవై ఏడు. తుంపర మొదలైంది. సేటు గంటకోసారి వచ్చి నూలు పిండి చూస్తున్నాడు. చాటుగా రెండు చెంబుల నీళ్ళు చల్లవచ్చు గదా అని కట్టమ్మ చెవిలో అన్నాను.

"తప్పు తమ్మీ. అద్దిన నూలు మీద నీళ్ళు చల్లితే రంగు కారుతది" అంది.

షెడ్డు పోతుంటే ఈమెకు రంగు ఫికరు! కోపమొచ్చింది, వెంటనే సిగ్గేసింది.

ఐదున్నరకు కాటా సరిగ్గా ఇరవై చూపింది. కట్టమ్మ నూలును ఒకసారి అరచేత్తో నిమిరింది. "ఆరింది సారూ" అంది. అబద్ధమాడి ఉంటే ఇంకో అరగంట గడిచేది. ఆడలేదు. ఆమె కళ్ళలో నీళ్ళు చూశాను. కిషన్ రావు తల వంచుకొని ఇరవై అని రాశాడు, కొవ్వొత్తి వెలిగించి లక్క కరిగించాడు.

సరిగ్గా అప్పుడు సందు మలుపులో అరుపు వినిపించింది. మా సారంగపాణి గారు! కోర్టులో కూడా గొంతెత్తని మనిషి, ఎవరిదో సైకిలు క్యారియరు మీద కూర్చుని, నల్లకోటు ఎగురుతుంటే, చేతిలో కాగితం ఊపుతూ, "ఆగు కిషన్ రావ్! స్టే! స్టే!" అని కేక పెడుతున్నారు.

కిషన్ రావు రెండుసార్లు చదివాడు. అప్పీలు తేలేదాకా తీర్పు అమలు ఆపాలి. రెండు నెలల్లో షెడ్లవాళ్ళు రంగునీళ్ళకు ఇంకుడుగుంత తవ్వాలి. కొవ్వొత్తి ఉఫ్‌మని ఊది, ఆయనే ముందు నవ్వాడు.

"గుంతేంది, బావే తవ్వుత!" అంది కట్టమ్మ. ఆడవాళ్ళు నలుగురూ ఆమె మీద పడి కావలించుకున్నారు. నేను ఈల వేశాను. మా వకీలు గారు నావైపు గుర్రుగా చూసి, తర్వాత తానూ నవ్వేశారు.

"ఇంక అప్పీలున్నది" అన్నాడు సేటు.

"ఉంటది సేట్. అందాక షెడ్డు సుత ఉంటది" అంది కట్టమ్మ.

ఒక్క షెడ్డుకూ సీలు పడలేదు. కానీ ఆరు పొయ్యిలు చల్లగా ఉన్నాయి, కట్టెలు తడిసిపోయాయి, అగ్గిపుల్లలు బుస్సుమంటున్నాయి. పోశయ్య ఒక పాత రేకు పట్టుకొని గడపలో నిలబడ్డాడు. వెనక ఐదుగురు. వాళ్ళ చేతుల్లోనూ రేకులే.

"చిన్నమ్మా, జరంత నిప్పు..."

సందులో అప్పుడే దీపాలు పెడుతున్నారు. కట్టమ్మ దగ్గర పనిచేసే పూలమ్మ నూలు సర్దుతూనే గట్టిగా అడ్డం వచ్చింది. "దీపాలు పెట్టే యాళ్ళ నిప్పు బయటికియ్యద్దక్కా, లచ్చిమి పోతది."

కట్టమ్మ వినిపించుకోకుండా పొయ్యి ముందు కూర్చుంది. కణకణలాడే బొగ్గులు పారతో ఎత్తి పోశయ్య రేకు నింపింది. తర్వాతి రేకూ నింపింది.

"గా మాట ఇండ్లకు పూలమ్మా" అంది. "ఇది కార్ఖానా."