రాకెట్టు లేచేదాకా కోసిన చేను

ఊరి పక్క గెడ్డ రెండుసార్లు పొంగిన ఏడు అది. మొదటి పొంగుకి ఆకుమడి కొట్టుకుపోయింది. రెండో పొంగు తీశాక మళ్ళీ నారు పోసి నాటాము. అందుకే ఊళ్ళో అందరి కోతలూ అయిపోయి కుప్పలు పడ్డా నా నాలుగు మడులూ పచ్చగానే ఉన్నాయి. గింజ నొక్కితే పాలు వచ్చేవి. ఇంకో ఇరవై రోజులు ఆగాలి. వేసవి దాకా నాకూ, మా ఇంటిది చిలకమ్మకీ ఆ గింజలే తిండి.

ఉక్కు ఫ్యాక్టరీకి భూములు కొలుస్తున్న రోజులు. మా చెల్లెలి మొగుడు గవర్రాజు అందరికంటే ముందు భూమి రాసిచ్చి, కొలతల అమీను దగ్గర గొలుసు లాగే పనిలో చేరాడు. దసరాకి మా ఇంటికొస్తే నలుగురి ముందూ అనేశాను, "సర్కారు గొలుసుకి కట్టిన కుక్కవిరా నువ్వు" అని. వాడు నవ్వాడు. అప్పటినుంచీ మా చెల్లెలు మా గుమ్మం తొక్కలేదు.

ఆ రోజు పొద్దున్నే అమీను శ్రీరామ్మూర్తి గారు జీపు దిగి మా గట్టు మీద కుర్చీ వేయించుకున్నారు. ఒళ్ళో ట్రాన్సిస్టరు. చంద్రుడి మీదకి మనుషుల్ని తీసుకెళ్ళే రాకెట్టు ఎనిమిదిన్నరకి అమెరికాలో లేస్తుందట. చంద్రుడి మీదకి ఇదే ఆఖరిదట. అది విన్నాకే గొలుసు పట్టడం అన్నారు. సంగతి తెలిసి ఊరంతా వచ్చి యారాడ కొండ వైపు మెడలెత్తి నిలబడింది.

"ఇక్కడికి కనబడదయ్యా. వినడమే," అన్నారాయన.

"కనబడని దానికి కుర్సీ ఎందుకు బాబూ?" అంది గుంపులో ఒక ముసలమ్మ. అయినా ఆవిడా కదల్లేదు, ఎవరూ కదల్లేదు.

గవర్రాజు గొలుసు భుజాన వేసుకుని నా దగ్గరకొచ్చాడు.

"ఏటి బావా, సేతులు కట్టుకుని సూత్తన్నావు? కొడవలి నేదేటి?"

నేను కొండ వైపు మొహం తిప్పుకున్నాను.

"గొలుసు పడీదాకే సేను నీది. పడ్డాక గింజ కూడా సర్కారుదే. రాకెట్టు లేసీదాకా టైమున్నాది. కోసుకో."

"పచ్చి సేనురా."

"పసువులకి గడ్డయినా మిగుల్తాది. కుక్క మాట ఇంతావో, మానుకుంతావో నీ ఇష్టం."

అమీను గారు పది బారల దూరంలో ఉన్నారు. ఒక్క మాట అడిగితే తేలిపోయేది. వీడి పైవాడి ముందు నేను చేతులు కట్టుకోవడమేమిటని అడగలేదు. ఇంటికెళ్ళి రెండు కొడవళ్ళు తెచ్చాను.

"ఒగ్గెయ్. పాలకంకి కోత్తే పాపం," అంది చిలకమ్మ.

"కొయ్యి," అన్నాను.

సగం మడి అయ్యేసరికి రేడియోలో లెక్క మొదలైంది. ముందుకి కాదు, వెనక్కి లెక్కపెడతారట. ఊరు ఊపిరి బిగబట్టింది. నేను వంగిన నడుం ఎత్తలేదు. ఇంతలో అమీను గారు తొడ చరుచుకున్నారు.

"ఆగిపోయింది! అరనిమిషం ఉందనగా ఆగిపోయింది. మళ్ళీ ఎప్పుడో చెప్పడం లేదు."

అందరూ ఉస్సురన్నారు. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది.

జనం గట్ల మీద కూలబడ్డారు. చుట్టలు వెలిగించారు.

"మొన్ననే కదా అమాస ఎల్లింది," అంది ముసలమ్మ. "సెంద్రుడు గోరంత ఉంతాడు. ఆళ్ళకి కాలెట్టడానికి సోటేదీ? అందుకే ఆపీసుంతారు."

నవ్వులు. మేము కోస్తూనే ఉన్నాము. పచ్చి దుబ్బు కొడవలికి తెగదు, జారుతుంది. చిలకమ్మ వేలు తెగింది. చీరంచు చింపి కట్టుకుని మళ్ళీ వంగింది. గవర్రాజు అప్పుడప్పుడూ వచ్చి గట్టు మీద నిలబడేవాడు.

"ఇంకా నెగనేదు బావా. కొయ్యి, కొయ్యి."

రెండో మడి అయింది. మూడోది అయింది. పదకొండు దాటాక అమీను గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "లేచింది! లేచింది!" ఊరంతా చప్పట్లు కొట్టి, కనబడదని తెలిసీ మళ్ళీ కొండ వైపే చూసింది.

ఆయన ట్రాన్సిస్టరు చంకన పెట్టుకుని సంతోషంగా ఇటు తిరిగారు. తిరిగి ఆగిపోయారు.

"ఇదేమిటి తవిటయ్యా? పచ్చి చేను కోసేశావు?"

నేను నిలబడ్డాను. చిలకమ్మే చెప్పింది. "గొలుసు పడితే గింజ సర్కారుదంట కదా బాబూ."

"ఎవరన్నారు? ఇవాళ ఒట్టి కొలత. పంట ఇంటికి చేరేదాకా నీ జోలికి ఎవరూ రారు. మాఘమాసం పోయాకే ఏదైనా."

నేను గవర్రాజు వైపు చూశాను. వాడు ఊరి వైపు తిరిగాడు.

"కుక్క అరిత్తే సేను కోసీసుకున్నాడర్రా మా బావ!"

రాకెట్టుకి చప్పట్లు కొట్టిన ఊరే పకపకా నవ్వింది. ముసలమ్మ కూడా నవ్వింది. ఆ రాకెట్టు చెప్పిన వేళకి లేచి ఉంటే నాకు పోయేది సగం మడి. రెండున్నర గంటలు ఆగబట్టి మూడు మడులు పోయాయి.

కొడవలి నా చేతిలోనే ఉంది. వాడి మెడ మూరెడు దూరంలో ఉంది. చిలకమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. అమీను గారు గొలుసు పట్టమన్నారు. కోసిన మడుల్లో అడ్డేమీ లేదు, గొలుసు తిన్నగా సాగింది. గవర్రాజు నా పనలు తొక్కుకుంటూ అవతలి గట్టుకి పోయాడు.

ఆ సాయంత్రం చిలకమ్మ ఒక కంకి చిదిమి చూసింది. పాలే.

"నాలుగో మడి ఉన్నాది కదా. అదయినా పండనీ. రెండు బస్తాలయినా వత్తాయి," అంది.

నేను లేచి బయటికి నడిచాను. ఊళ్ళో మగ్గాల అరుగు మీద, టీ బడ్డీ దగ్గర ఆ మాటే. తవిటయ్యని కుక్క మోసం చేసిందట. ఒక మడి పక్కన పండుతుంటే, కోసిన మూడూ మోసపోయి కోసినవేనని ఆ ఇరవై రోజులూ అందరూ చూస్తారు.

మర్నాడు తెల్లారేసరికి గవర్రాజూ వాళ్ళూ పక్క చేలో రాళ్ళు పాతుతున్నారు. వాడు నన్ను చూసి పలుగు ఆపాడు. నేను వాడు చూస్తుండగా నాలుగో మడిలోకి దిగాను. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా, దుబ్బు మిగల్చకుండా, అదీ కోసేశాను.