చక్కెర లేని సూపు

ప్రభుత్వానికి ఉన్నట్టుండి పిల్లల పొట్టల మీద దయ పుట్టింది. ప్రతి హోటల్లోనూ పిల్లలకంటూ ఒక ప్లేటు ఉండాలి, అందులో కూరగాయలూ పండూ ఉండాలి, వేపుడు ఉండకూడదు, ఉప్పు కొలిచి వెయ్యాలి, చక్కెర అసలే తగలకూడదు అని రూలు వచ్చింది. రూలు రాసినాయన తన పిల్లల చేత ఎప్పుడైనా ఉడికించిన క్యారెట్ తినిపించి చూశాడో లేదో మాత్రం తెలీదు. తినిపించే పని మాస్టర్ నెత్తిన పడింది.

ముప్పై రెండేళ్ళుగా ఆ హోటల్ పొయ్యి ముందు నిలబడి వండుతున్న మనిషి మాస్టర్. తిన్న ప్లేట్లు వంటగది కిటికీలోకి తిరిగొచ్చేటప్పుడు ఒక్కొక్కటీ చూస్తే తప్ప ఆయనకి తోచదు. ప్లేటు ఖాళీగా వచ్చిందంటే ఆయన కడుపు నిండినట్టే. ఏదైనా మిగిలి వస్తే, తిన్నవాడికి జ్వరమేమో కనుక్కురమ్మని సర్వర్‌ని తరిమేవాడు.

అలాంటివాడి దగ్గరికి పిల్లల ప్లేట్లు వెళ్ళినవి వెళ్ళినట్టే తిరిగి రావడం మొదలైంది. క్యారెట్ సూపు చల్లారి తెట్టు కట్టి వచ్చేది, చెంచా అయినా తడిసేది కాదు. వారం రోజులు ఓర్చుకున్నాడు. ఎనిమిదో రోజున, ఎవరూ చూడకుండా, సూపు గిన్నెలో రెండు గరిటెల చక్కెర పాకం పోశాడు. ఆ మధ్యాహ్నం ప్లేట్లన్నీ నాకేసినట్టు వచ్చాయి.

ఇంకేముంది, ఓనరు గుమ్మంలో పెద్ద బోర్డు పెట్టించాడు, చక్కెర పలుకు కూడా లేని పిల్లల భోజనం ఇక్కడ దొరుకుతుందని. తనిఖీకి వచ్చే ఆఫీసరు ముందు రోజే ఫోన్ చేసి వచ్చే మర్యాదస్థుడు. కాబట్టి ఆయన వచ్చే పూట సూపు కడిగిన ముత్యంలా ఉండేది. దాన్ని సీసాలో పట్టుకెళ్ళి పరీక్ష చేయించి, మెచ్చుకుంటూ కాగితం పంపాడు. ఆ కాగితం చూసి మాస్టర్ సిగ్గుపడ్డాడా అంటే, పడలేదు. కాస్తంత తీపికి ఎవరి కొంపలు మునుగుతాయిలే అనుకున్నాడు.

ఆ బోర్డు చూసే ఒక ఆదివారం మధ్యాహ్నం ఓ తల్లీ కూతురూ వచ్చారు. పిల్లకి ఎనిమిదేళ్ళుంటాయి. తిన్నాక తల్లి వంటగది గుమ్మం దాకా వచ్చి మాస్టర్ చేతులు పట్టుకుంది. పిల్లకి ఆరేళ్ళప్పుడే షుగర్ జబ్బు వచ్చిందట, రోజుకి నాలుగు సూదులట. అప్పటి నుంచీ బయట కూర్చుని తినడం ఇదే మొదటిసారట. అంతా మీ చలవే మాస్టర్ గారూ అంది. అప్పుడే చెప్పేసి ఉండాల్సింది. నోటి దాకా వచ్చింది కూడా. కానీ పక్కన ఓనరు నవ్వుతూ నిలబడ్డాడు, సర్వర్లు చూస్తున్నారు, ఆ తల్లి కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. మాస్టర్ తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు.

నోరు కట్టేసుకున్నా, పై ఆదివారం ఆ పిల్లకి మాత్రం వేరే చిన్న గిన్నెలో పాకం లేకుండా కాచాడు. ఆ మాత్రం మనిషే. పిల్ల ఒక్క చెంచా నోట్లో పెట్టుకుని, ఈసారి బాలేదమ్మా అని గిన్నె పక్కకి జరిపింది. కిటికీలోంచి చూస్తున్న మాస్టర్‌కి ఎవరో మొహాన కొట్టినట్టయింది. మూడో ఆదివారం అర గరిటె పాకం పోశాడు. అర గరిటే కదా, ఎలాగూ సూదులు వేస్తున్నారు కదా అని తనకి తనే డాక్టరైపోయాడు. గిన్నె ఖాళీగా వచ్చింది. సంతోషపడ్డాడు. తర్వాత తల్చుకున్నప్పుడల్లా ఆయన్ని కాల్చుకు తిన్నది ఆ సంతోషమే.

ఇలా రెండు నెలలు నడిచింది. ఆ తర్వాతి ఆదివారం వచ్చేసరికి పిల్ల కళ్ళు ఉబ్బి ఉన్నాయి, బుగ్గ మీద వేళ్ళ గుర్తులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. తల్లి ఏమీ ఆర్డర్ చెప్పకుండానే మాస్టర్‌ని పిలిపించింది. ప్రతి ఆదివారం సాయంత్రమయ్యేసరికి పిల్లకి షుగర్ పెరిగిపోతోందట. ఎక్కడో దొంగచాటుగా తీపి తింటోందని డాక్టరు తేల్చేశాడట. తల్లి తలగడ విప్పి చూసింది, స్కూలు సంచీ దులిపింది, పక్కింటి పిల్లలతో ఆటలు మాన్పించింది. ఎంత అడిగినా తినలేదనే అంటోంది. ఇందాక బయల్దేరేముందు ఇక ఉండబట్టలేక చెయ్యి చేసుకుంది.

"నా మాట వినట్లేదు మాస్టర్ గారూ. మీరంటే దానికి ఇష్టం. మీరు అడగండి, నిజం చెప్తుంది."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, మాస్టర్ శుభ్రంగా ఉన్న చేతుల్నే మళ్ళీ మళ్ళీ తుడుచుకున్నాడు. పిల్లకి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. చెప్పేద్దామనే కూర్చున్నాడు. నోరు తెరిస్తే వచ్చిన మాట వేరు. ఏమైనా తిన్నావామ్మా అని అడిగాడు. ఎందుకలా అడిగాడో ఆయనకే తెలీదు. ఇంకో నిమిషం పరువుగా బతకాలనిపించింది కాబోలు, ఛీ.

పిల్ల తల్లి వైపు చూసింది, ఆయన వైపు చూసింది. పెద్దవాళ్ళిద్దరూ ఒకే జవాబు కోసం కాచుకుని ఉన్నారని దానికి అర్థమైనట్టుంది.

"తిన్నాను తాతా," అంది మెల్లగా. "ఇంకెప్పుడూ తినను."

తల్లి హమ్మయ్య అని కళ్ళు తుడుచుకుంది. ఏం తిన్నావని అడిగింది. చాక్లెట్ అంది పిల్ల, కాసేపు ఆలోచించి. ఎవరిచ్చారంటే పాపం దానికి తోచలేదు, బిక్కమొహం వేసి టేబుల్ వైపు చూస్తూ కూర్చుంది.

మాస్టర్ లేచి నిలబడ్డాడు. అది కూర్చుని చెప్పే మాట కాదనిపించింది.

"పాప ఏమీ తినలేదమ్మా. సూపులో నేనే చక్కెర పాకం పోస్తున్నాను. పాప జబ్బు సంగతి తెలిశాక కూడా పోశాను."

ఓనరు పరుగెత్తుకొచ్చి, మాస్టర్‌కి ఒంట్లో బాలేదండీ, ఏదో మాట్లాడుతున్నాడు అని సర్దబోయాడు. మాస్టర్ ఆయన చెయ్యి తీసేసి, మళ్ళీ మొదటి నుంచీ చెప్పాడు, ఈసారి అందరికీ వినబడేలా. చుట్టుపక్కల తల్లులు తమ పిల్లల ముందున్న గిన్నెలు లాగేసుకున్నారు. తిడతారేమో, కొడతారేమో అని చూశాడు. కొడితే బాగుండుననిపించింది.

ఆ తల్లి ఆయన వైపు చూడనైనా లేదు. కిందికి జారి పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. బుగ్గ తాకబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"మరి తిన్నానని ఎందుకు చెప్పావే?"

"తినలేదంటే నువ్వు నమ్మట్లేదు కదమ్మా. తాత కూడా అడిగేసరికి, నిజంగానే తిన్నానేమో, నేనే మర్చిపోయానేమో అనుకున్నాను," అంది పిల్ల.

నిజం చెప్పేస్తే గుండె బరువు దిగుతుందంటారు. అన్నవాడెవడో గానీ, వాడికి ఇలాంటి పిల్ల ఎదురుపడి ఉండదు. తల్లి దాన్ని ఎత్తుకుని బయటికి నడిచేదాకా మాస్టర్ తల ఎత్తలేకపోయాడు.