సగం కార్జం

స్కానింగ్ ఫోటోలో కాలేయం మీద నారింజపండంత నల్లటి గుండ్రటి మచ్చ కనిపిస్తోంది.

"నీటితిత్తి. పురుగు గుడ్డు కడుపులోకి పోతే ఇలా పెరుగుతుంది," అన్నాడు డాక్టరు. "పగిలితే ప్రాణం మీదికొస్తుంది. పరిగెత్తకండి, బరువులెత్తకండి. ఎల్లుండి ఆపరేషన్. ఇంట్లో కుక్క ఉందా?"

"లేదండీ," అన్నాడు కత్తి బాబాయి.

అది అబద్ధం. ముప్పై ఏళ్లుగా కబేళాలో గొర్రెలు కోస్తున్న మనిషికి ఆ తిత్తులు కొత్తకాదు. తిత్తులు కనబడితే కార్జం మొత్తం కాల్చెయ్యాలని అక్కడి నియమం. ఆయన మాత్రం పాడైన సగం కోసి మంటలో వేసి, బాగున్న సగం కాగితంలో చుట్టి ఇంటికి తెచ్చి కుక్కకు పెట్టేవాడు. భార్య పోయాక ఆ గదిలో ఆయన కోసం ఎదురుచూసేది కుక్క ఒక్కటే. సంగతి తెలిస్తే దాన్ని చంపేస్తారని భయం.

ఆ మధ్యాహ్నమే దాన్ని ఆటోలో తీసుకెళ్లి, ఊరి చివర లారీల షెడ్డు దగ్గర దింపి, వెనక్కి చూడకుండా వచ్చేశాడు.

మర్నాడు పొద్దున్నే కబేళాలో మాంసం తనిఖీ చేసే పశువుల డాక్టరమ్మ తలుపు తట్టింది. సెలవు చీటీలో జబ్బు పేరు చూసి వచ్చింది. మూలనున్న సత్తుగిన్నె ఆమె కంటపడింది.

"కుక్కేది బాబాయ్?"

"ఏ కుక్క?"

"నా దగ్గరా వేషాలు? ఆ గిన్నెలో నువ్వు తింటున్నావా?"

ఆయన అంతా చెప్పేశాడు. ఆమె తల పట్టుకుంది.

"సగం కోసేస్తే మిగతాది మంచిదైపోతుందా? కంటికి ఆనని తిత్తులు అందులోనూ ఉంటాయి. అవి తిని దాని కడుపులో పురుగులు పెరిగాయి. వాటి గుడ్లు దాని బొచ్చు మీంచి నీ చేతికి, నీ నోటికి. ఇప్పుడిక షెడ్డు దగ్గర వాళ్ల వంతు!"

"మరి... దాన్ని చంపరా?"

"చంపడమేంటి! మాత్ర వేస్తే పురుగులు పోతాయి. ఇంకెప్పుడూ పచ్చి కార్జం పెట్టకు, అంతే. నన్నొక్క మాట అడగలేకపోయావా?" మాత్ర ఆయన చేతిలో పెట్టింది. "నాకు తనిఖీ టైమైంది. దొరికితే ఫోన్ చెయ్, జీపు పంపిస్తా."

షెడ్డు దగ్గర లారీల కింద ఎన్నో కుక్కలున్నాయి. పిలుద్దామని నోరు తెరిచి ఆగిపోయాడు. ఏమని పిలవాలి? గదిలో ఉన్నది తామిద్దరే. పేరుతో పనిపడలేదు.

"ఏయ్!" అన్నాడు. ఒక డ్రైవరు తిరిగి చూశాడు.

సంచిలోంచి కత్తి, సానరాయి తీశాడు. రోజూ కార్జం ముక్కలు కోసేముందు ఇంట్లో వినబడే చప్పుడదే. సర్ర్... సర్ర్...

మూడో లారీ కింద తనకు తెలిసిన చిరిగిన చెవి ఒకటి లేచింది.

అది బయటికొచ్చి, పదడుగుల దూరంలో కూర్చుంది. ఆయన ఒకడుగు వేస్తే అదీ ఒకడుగు వెనక్కి వేసింది. వెంటపడి పరిగెత్తే వీల్లేదు.

మాత్ర దూర్చిన రొట్టెముక్క ఇద్దరికీ మధ్య పెట్టి, నేలమీద కూలబడ్డాడు. ఆపరేషన్ రేపు ఎనిమిదింటికి. ఇంకా పొద్దుంది.

సర్ర్... సర్ర్... కుక్క రొట్టె వైపు చూడలేదు. ఆయన్నే చూస్తోంది.